రెండు పేర్ల రైలు దారి

ఫిబ్రవరి మొదట్లో బ్రసెల్స్‌లో వాన కురుస్తున్నట్టూ ఉండదు, కురవనట్టూ ఉండదు. గొడుగు వేసుకున్నవాళ్లు పెద్దగా కనబడరు, వేసుకోకపోతే మనం తడుస్తాం. ఆ తుంపరలో తలెత్తి వీధి పలకలు చదువుకుంటూ తిరగడం నాకు భలే కాలక్షేపమైంది. అక్కడ ప్రతి వీధికీ రెండు పేర్లు, ఫ్రెంచిలో ఒకటి, డచ్‌లో ఒకటి. ఊరి నడిబొడ్డున బంగారు పూతల మేడల మధ్య ఉన్న పెద్ద కూడలి ఒకరికి గ్రాన్ ప్లాస్, ఇంకొకరికి గ్రోట మార్క్ట్. రైలు దిగిన స్టేషన్ ఒకరికి మిడి, ఇంకొకరికి జైడ్.

కొన్ని పలకల ముందు మాత్రం ఆగిపోయాను. ఫ్రెంచిలో 'అవెన్యూ' అన్న మాట పేరుకు ముందొస్తుంది. డచ్‌లో అదే అర్థమిచ్చే 'లాన్' పేరుకు వెనకొస్తుంది. పలక రాయించిన మహానుభావుడెవరో గానీ, మధ్యలో మనిషి పేరు ఒక్కసారే పెద్దక్షరాలతో రాయించి, ముందు అవెన్యూ, వెనక లాన్ తగిలించాడు. ఫ్రెంచి వాడు మొదటి రెండు మాటలూ చదువుకుంటాడు, డచ్ వాడు చివరి రెండూ చదువుకుంటాడు. ఎవరి పేరూ ఎవరూ చెరిపెయ్యలేదు, పైగా రేకు కూడా కలిసొచ్చింది.

ఇంత చిన్న విషయానికి నేనెందుకంత మురిసిపోయానంటే, నా ఉద్యోగం బిల్డ్ టీంలో. వందల మంది రాసిన వేల ఫైళ్లను పోగుచేసి, ఏది దేనిమీద ఆధారపడిందో తేల్చి, చివరికి నడిచే ప్రోగ్రాంగా కట్టే సాధనాన్ని బిల్డ్ టూల్ అంటారు. అందులో ఒక ఫైలు ఇంకో ఫైలును దిగుమతి చేసుకుంటూ ఉంటుంది. దిగుమతి అంటే లోపలున్న పేర్లన్నీ కట్టగట్టుకుని వచ్చి మన ఇంట్లో దిగడమే. వచ్చిన వాటిలో రెండింటికి ఒకే పేరుంటే ఏం చెయ్యాలి? మా పని సగం ఈ తగువు తీర్చడమే. అది తీర్చుకునే పద్ధతి చూద్దామని బ్రసెల్స్ వెళ్లలేదు, ఫాస్‌డెమ్‌కి వెళ్లాను. కానీ ఆ దేశంలో ఎటు చూసినా ఈ తగువే.

ఫాస్‌డెమ్ 2000లో మొదలైంది. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు ఏడాదికోసారి, జనవరి ఆఖర్లోనో ఫిబ్రవరి మొదట్లోనో, ఒక శని ఆదివారాల్లో బ్రసెల్స్‌లోని ఒక విశ్వవిద్యాలయపు సోల్‌బోష్ క్యాంపస్‌లో కలుస్తారు. టికెట్ లేదు, రిజిస్ట్రేషన్ లేదు, మెడలో బ్యాడ్జి లేదు. ఊరి మధ్యలో 71వ నంబరు బస్సెక్కితే, బస్సులో సగం మంది వీపుల మీద స్టిక్కర్ల బ్యాగులే. గది నిండిపోతే వలంటీరు తలుపు మీద 'నిండింది' అని కాగితం పెడతాడు. ఆ కాగితంతో ఎవరూ వాదించరు. నా కాళ్లు మాత్రం అలవాటు కొద్దీ తలుపు దాకా వెళ్లాయి, 'కాస్త సర్దుకుంటే పట్టమా' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. నా ముందున్న ఆరడుగుల మనిషి కాగితం చదివి, భుజాలెగరేసి వెనక్కి తిరిగాడు. నేనూ తిరిగాను.

అలా గదుల్లో చోటు దొరకని వాళ్లమంతా ఆవరణలో ఫ్రైస్ బండి చుట్టూ చేరాం. బెల్జియంలో ఆలుగడ్డ ముక్కల్ని రెండుసార్లు వేయిస్తారు. మొదటిసారి మెత్తబడేదాకా, రెండోసారి పైన కరకరలాడేదాకా. సంప్రదాయంగా ఆవు కొవ్వులో వేయిస్తారు కాబట్టి పట్టింపున్నవాళ్లు అడిగి తినాలి. నూనె వాడే బళ్లూ ఉన్నాయి. కారంగా ఉంటుందని చెప్పి సామురాయ్ సాస్ వేయించుకున్నాను. గుంటూరు వాళ్ల ముందు ఆ సాస్‌కి కారమని పేరు పెట్టకండి, నవ్వుతారు.

నిలబడి తినే ఆ ఎత్తు బల్ల దగ్గర నాకు ఇద్దరు తగిలారు. ఒకాయన జర్మనీ నుంచి వచ్చిన పెద్దమనిషి, మేక్ తప్ప వేరే బిల్డ్ టూల్ ముట్టననే రకం. ఒకమ్మాయి గెంట్ ఊరిది, బేజెల్ వాడుతుంది. మేక్‌ను 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ రాశాడు. 2003లో దానికి ఏసీఎం సాఫ్ట్‌వేర్ సిస్టం అవార్డు కూడా వచ్చింది. బేజెల్ గూగుల్ లోపల పుట్టి 2015లో బయటికొచ్చింది. వయసులో తాతా మనవరాళ్ల లాంటి రెండు టూల్స్, వాటికి తగ్గట్టే ఆ ఇద్దరూ. పేర్ల తగువు సంగతి నేనెత్తగానే ఆయన వేళ్లకంటిన ఉప్పు కోటుకి తుడుచుకుని ల్యాప్‌టాప్ తీశాడు.

రెండు చిన్న ఫైళ్లు రాశాడు. రెండిట్లోనూ 'క్లీన్' అనే టార్గెట్, అంటే పేరున్న పని, దాని కింద చెయ్యాల్సిన ఆదేశాలు, అంటే రెసిపీ, పెట్టాడు. మొదటి దాంట్లో క్లీన్ అంటే తాత్కాలిక ఫైళ్లు తుడవడం, రెండో దాంట్లో క్లీన్ అంటే ఫలితాల ఫోల్డరే తీసెయ్యడం. అసలు మేక్‌ఫైల్లో ఒకదాని కింద ఒకటి రెండు 'ఇంక్లూడ్' లైన్లు రాసి నడిపాడు. గ్నూ మేక్ రెండు హెచ్చరికలు చూపింది: ఫలానా టార్గెట్ రెసిపీని కొత్తది తొక్కేస్తోంది, పాతదాన్ని పట్టించుకోవడం లేదు. అంతే చెప్పి పని కానిచ్చేసింది. ఫలితాల ఫోల్డర్ పోయింది. ఆయన రెండు ఇంక్లూడ్ లైన్ల వరస తారుమారు చేసి మళ్లీ నడిపాడు. ఈసారి తాత్కాలిక ఫైళ్లే పోయాయి, ఫోల్డర్ పదిలం. టార్గెట్లలో ఒక్క అక్షరం మారలేదు, మారింది ఎవరు ఆఖర్న వచ్చారన్నదే.

ఆయనకి ఇందులో తప్పేమీ కనిపించలేదు. హెచ్చరిక చెప్పింది కదా అన్నాడు. చెప్పింది, నిజమే. కానీ నాలుగు లైన్ల బిల్డ్‌లో కనిపించిన హెచ్చరిక నలభై వేల లైన్ల లాగ్‌లో ఎవరికి కనిపిస్తుంది? నేను పనిచేసిన ఒక చోట సరిగ్గా ఇలాంటి క్లీనే ఒకటి నెలల తరబడి తప్పు ఫోల్డర్ తుడుస్తూ పోయింది; లాగ్‌లో హెచ్చరిక మాత్రం రోజూ క్రమం తప్పకుండా పడుతూనే ఉంది. సీ భాషలో అయితే ఆ మాత్రం పలకరింపూ ఉండదు. రెండు హెడర్ ఫైళ్లకు కాపలాగా పెట్టిన మాక్రోకి పొరపాటున ఒకే పేరు పడిందనుకోండి, రెండోదాన్ని ప్రీప్రాసెసర్ కిమ్మనకుండా దాటేస్తుంది. తర్వాత ఎక్కడో ఏదో ఫంక్షన్ తెలియదని కంపైలర్ గోల పెడుతుంది, మనం జుట్టు పీక్కుంటాం.

గెంట్ అమ్మాయి తన తెర మా వైపు తిప్పింది. బేజెల్‌లో స్టార్‌లార్క్ అనే చిన్న భాష ఉంటుంది. వేరే ఫైల్లోంచి ఏం కావాలో 'లోడ్' లైన్లో పేరు పేరునా అడగాలి. మొత్తం కట్ట వచ్చి ఇంట్లో దిగదు. పేరు ముందు అండర్‌స్కోర్ ఉంటే అది ఆ ఫైలు సొంత వ్యవహారం, అడిగినా ఇవ్వరు. ఒకే పేరును రెండు చోట్ల నుంచి లోడ్ చెయ్యబోతే బిల్డ్ అక్కడే ఆగిపోతుంది. ఆమె కావాలనే ఆ పని చేసి, ఎర్రగా పడిన ఎర్రర్ మాకు చూపించింది. తర్వాత రెండో లోడ్ లైన్లో కొత్త పేరు, బరాబర్ గుర్తు, కొటేషన్లలో పాత పేరు రాసింది. అంతే, ఆ ఫైల్లో ఇద్దరూ ఎవరి పేరుతో వాళ్లున్నారు. పెద్దాయన ఎర్రర్‌ని కాసేపు చూసి, ఇంత చాదస్తం ఎందుకన్నాడు. నా ఓటు చాదస్తానికే.

అక్కడి నుంచి బయటికి నడుస్తుంటే ఆ క్యాంపస్ కథ తెలిసింది. అది ఫ్రెంచి వాళ్ల విశ్వవిద్యాలయం, యూఎల్‌బీ. ఎంతో దూరం పోనక్కర్లేదు, ఎటెర్‌బేక్ వైపు వెళ్తే డచ్ వాళ్ల వీయూబీ. 1969లో ఒకే విశ్వవిద్యాలయం భాషను బట్టి రెండుగా చీలింది. రెండు పేర్లనూ ఇంగ్లిషులోకి మార్చితే ఒకటే వస్తుంది, ఫ్రీ యూనివర్సిటీ ఆఫ్ బ్రసెల్స్. అందుకని రెండూ ఆ ఇంగ్లిషు పేరును పక్కన పెట్టి, దేని భాషలో పేరు అది వాడుకుంటున్నాయి. పేరు మనదా మీదా అని కొట్టుకోకుండా ఇద్దరూ వదిలెయ్యడమన్నది నేనింతవరకు ఏ కోడ్ రివ్యూలోనూ చూడలేదు.

మర్నాడు లూవెన్‌కి రైలెక్కాను. అరగంట దారి. ఊరి మధ్య ఉన్న విశ్వవిద్యాలయ గ్రంథాలయాన్ని 1914 ఆగస్టులో జర్మన్ సైన్యం తగలబెట్టింది. అమెరికన్ల చందాలతో మళ్లీ కట్టి 1928లో తెరిచారు. 1940లో మళ్లీ కాలింది, మళ్లీ కట్టారు. గోడల రాళ్ల మీద డబ్బిచ్చిన అమెరికా బడుల, కాలేజీల పేర్లు చెక్కి ఉన్నాయి. చలికి చేతులు జేబుల్లో పెట్టుకుని ఆ పేర్లు చదువుతుంటే, సైకిల్ మీద పోతున్న ఒక ముసలావిడ ఆగి, లోపల బురుజెక్కితే ఊరంతా కనిపిస్తుందని ఇంగ్లిషులో చెప్పి వెళ్లిపోయింది. అడగకుండా సాయం చేసి, కబుర్లకు కూర్చోకుండా వెళ్లిపోవడం అక్కడి మర్యాద. మన దగ్గరైతే ఏ ఊరు, ఎవరి తాలూకు, పిల్లలెంతమంది అన్నీ తేలాకే దారి చెబుతారు. రెండు మర్యాదలూ నాకిష్టమే.

రెండు యుద్ధాలనూ తట్టుకున్న ఆ గ్రంథాలయం మూడో దెబ్బ సొంతవాళ్ల చేతిలో తింది. లూవెన్ ఉన్నది డచ్ ప్రాంతంలో. విశ్వవిద్యాలయంలో ఫ్రెంచి విభాగమూ ఉండేది. 1968లో ఫ్రెంచి వాళ్లు వెళ్లిపోవాలని డచ్ విద్యార్థులు వీధుల్లోకొచ్చారు, ఆ గొడవలో ప్రభుత్వమే పడిపోయింది. విశ్వవిద్యాలయాన్ని చీల్చారు. ఫ్రెంచి వాళ్లకి ముప్పై కిలోమీటర్ల లోపు దూరంలో పొలాల మధ్య కొత్త ఊరే కట్టిపెట్టారు, 1971లో పునాదిరాయి పడింది. మరి పుస్తకాలో? వేరే ఒప్పందం కుదరని చోట షెల్ఫ్ నంబర్లు చూసి పంచారు. బేసి నంబర్లు ఒకరికి, సరి నంబర్లు ఒకరికి. ఈ సంగతి ముందే చదివి ఉన్నా, ఆ చదువుల గది పొడవాటి బల్లల మధ్య నిలబడితే ఒళ్లు మండింది. పుస్తకంలో ఏముందో చూడకుండా, ఎవరికి కావాలో అడక్కుండా అంకె చూసి విసిరెయ్యడమేమిటి? ఆఖర్న వచ్చినవాడిదే గెలుపన్న మేక్ పద్ధతికీ దీనికీ పెద్ద తేడా లేదు. తగువు తెగుతుంది, న్యాయం మాత్రం జరగదు.

లూవెన్ నుంచి ఆ కొత్త ఊరివైపు వెళ్లడానికి 139వ నంబరు రైలు మార్గం ఉంది. బ్రసెల్స్ మీదుగా పోవచ్చు గానీ ఈ దారి వదులుకోవద్దు. చిన్న లోకల్ రైలు. కిటికీ పక్కన ఒక నది తోడొస్తుంది. డచ్ వైపు దాని పేరు డైలే, ఫ్రెంచి వైపు డిల్. రెల్లు దుబ్బులు, నిలవనీటి చెరువులు, ఆకు రాల్చి నిలబడ్డ బీచ్ చెట్ల అడవి, బురదలో కాళ్లు పాతుకుని కదలని గుర్రాలు. చేతికందేంత దూరంలో ఒక కొంగ ఉంది, రైలు పోతున్నా తల తిప్పలేదు.

బండిలో తెర మీద ముందొచ్చే స్టేషన్ల పేర్లు పడుతున్నాయి. అన్నీ డచ్‌లోనే. నేను వెళ్లే దారిలో ఉన్న ఒక ఊరు 'వావర్' అని ఉంది. సింట్-యోరిస్-వేర్ట్ దాటాక రైలు భాషా సరిహద్దు దాటుతుంది. కంచె లేదు, చెక్‌పోస్టు లేదు, అదే బురద పొలం. 1960ల మొదట్లో చట్టం గీసిన గీత అది. తర్వాతి స్టేషన్ పెక్రో. అక్కడికల్లా తెర ఫ్రెంచిలోకి మారింది, 'వావర్' కాస్తా 'వావ్ర్' అయింది. అక్కడివాళ్లు ఈ హద్దును ఎంత పట్టింపుగా పాటిస్తారంటే, 2024లో ఒక కండక్టర్ రైలింకా డచ్ ప్రాంతం దాటకముందే డచ్ పలకరింపుతో పాటు 'బోంజూర్' కూడా అన్నాడని ఒక ప్రయాణికుడు ఫిర్యాదు చేశాడు. పత్రికల్లో పెద్ద చర్చే అయింది.

నవ్వొచ్చే సంగతే. కానీ పెక్రో ప్లాట్‌ఫాం కిటికీలోంచి వెనక్కి జరుగుతుంటే నాకు నవ్వు రాలేదు. 2001 మార్చి 27న వావ్ర్ నుంచి ప్రయాణికులు లేని ఒక రైలు ఎర్ర సిగ్నల్ దాటి, ఎదురు రైలు రావాల్సిన పట్టాల మీదికి వెళ్లింది. వావ్ర్‌లోని సిగ్నల్ ఉద్యోగి లూవెన్‌కి ఫోన్ చేశాడు. ఇతను మాట్లాడింది ఫ్రెంచి, అవతలి వ్యక్తికి తెలిసింది డచ్. ఎదుటి రైలు ఆగలేదు. పెక్రో దగ్గర రెండూ గుద్దుకుని ఎనిమిది మంది చనిపోయారు. వావ్ర్, వావర్ రెండూ ఒకే ఊరని ఆ ఇద్దరికీ తెలుసు. ఎవరి హద్దులో వాళ్లకి పేర్లు చక్కగా కుదిరే ఉన్నాయి. హద్దు మీద మాత్రం ఇద్దరికీ పనికొచ్చే మాట లేకపోయింది.

బ్రసెల్స్ నుంచి దక్షిణంగా కారులో పోయేవాళ్లకి కూడా ఈ చిక్కు ఎదురవుతుంది. మోన్స్ అనే ఊరికి డచ్ ప్రాంతపు రోడ్డు పలకల మీద 'బెర్గెన్' అని ఉంటుంది. బెర్గెన్ అంటే లోకమంతా ఎరిగినది నార్వేలో ఉంది. ఫ్రాన్సులోని లీల్ అదే పలకల మీద 'రైసెల్'. ఒక ఊరికి రెండు పేర్లు, ఒక పేరుకి రెండు ఊళ్లు, రెండు రకాల తగువూ ఒకే చోట. మరి రైల్వే కంప్యూటర్లు ఎలా నెట్టుకొస్తున్నాయి? వాటికి ఈ పేర్లతో పని లేదు. అంతర్జాతీయ రైల్వే నంబర్లలో బెల్జియం స్టేషన్లన్నీ 88తో మొదలవుతాయి. మిడి అన్నా జైడ్ అన్నా లోపల 8814001. మనకూ ఈ ఏర్పాటుంది. బెజవాడ విజయవాడ అయి ఎన్నేళ్లయినా స్టేషన్ కోడ్ ఇప్పటికీ బీజెడ్‌ఏనే. బోర్డు మార్చారు, కోడ్ జోలికి పోలేదు.

గెంట్ అమ్మాయి చూపించినదాంట్లో రెండో సగం ఈ రైల్లో కూర్చున్నాకే బాగా బుర్రకెక్కింది. బేజెల్‌లో ఒక్క ఫైలు లోపల తగువు తీర్చడం తేలిక. బయటి ప్రాజెక్టుల్ని మొత్తంగా తెచ్చుకున్నప్పుడు చిక్కు. పాత పద్ధతిలో 'వర్క్‌స్పేస్' అనే ఒక్క ఫైల్లో అందరి పేర్లూ ఒకే రచ్చబండ మీద ఉండేవి. రెండు ప్రాజెక్టులు మూడో దాన్ని ఒకే పేరుతో, వేర్వేరు వెర్షన్లలో కోరితే, ఏది దక్కుతుందో లైన్ల వరసను బట్టి ఉండేది. మళ్లీ మేక్ తంతే. కొత్తగా తెచ్చిన మాడ్యూల్ పద్ధతిలో ప్రతి ప్రాజెక్టుకీ తనదైన పేర్ల పట్టీ ఉంటుంది. నేనొక లైబ్రరీని పాత అలవాటు కొద్దీ ఒక పేరుతో పిలుచుకోవచ్చు, పక్క ప్రాజెక్టు అదే లైబ్రరీని ఇంకో పేరుతో పిలుచుకోవచ్చు. ఒక 'అట్' గుర్తు పెట్టి రాస్తే అది ఎవరింట్లో వాళ్లు పిలుచుకునే పేరు. రెండు 'అట్' గుర్తులు పెట్టి రాస్తే మొత్తం బిల్డ్‌కి ఒకటే అయిన అసలు పేరు. ఇంటి పేర్లనుంచి అసలు పేరుకి దారి చూపే పట్టీని టూలే ఉంచుకుంటుంది. వెర్షన్ల పేచీ కూడా లైన్ల వరస మీద కాక, ఒక నియమం ప్రకారం తేల్చుకుంటుంది. 2023 చివర్లో వచ్చిన బేజెల్ 7లో ఇది మామూలు పద్ధతయింది. 2024 చివర్లో వచ్చిన 8లో వర్క్‌స్పేస్‌ని, కావాలని తెరిస్తే తప్ప, మూసే ఉంచారు.

ఒటిన్యీలో రైలు మారి లూవాన్-లా-నవ్‌లో దిగాను. కొత్త లూవాన్ అని అర్థం, మన కొత్తపేటల్లాగే. కాంక్రీటు అరుగు మీద కట్టిన ఊరది. కార్లు, రైలు కింద, మనుషులు పైన. హారన్ మోత లేని వీధుల్లో విద్యార్థులు కాగితం పొట్లాల్లో ఏదో తింటూ పోతున్నారు. ఊరు నాకంతగా నచ్చలేదు. అన్నీ ఒకే వయసు ఇటుకలు. అక్కడి విశ్వవిద్యాలయం చాలాకాలం యూసీఎల్ అని పిలిపించుకుంది, లండన్‌లో ఇంకో యూసీఎల్ ఉంది. 2018 నుంచి యూసీలూవాన్ అంటున్నారు. చీలిపోయి ఊరు మారినా పేరు పేచీ వదల్లేదన్నమాట. ఆ ఊళ్లో చూడాల్సింది టిన్‌టిన్ బొమ్మల కథలు గీసిన ఎర్జే మ్యూజియం. ఆ కథల్లో ద్యుపోన్, ద్యుపోన్ అని అచ్చు ఒకేలా ఉండే ఇద్దరు డిటెక్టివ్‌లుంటారు. పలకడంలో తేడా లేదు, రాతలో చివరి అక్షరం ఒక్కటే వేరు. మీసాలు జాగ్రత్తగా చూస్తే తప్ప ఎవరు ఎవరో తేలదు. ఆ మీసాల దగ్గర చాలాసేపు నిలబడ్డాను.

బ్రసెల్స్ తిరిగొచ్చి స్టేషన్ బయట దుకాణంలో బెల్జియన్ వాఫిల్ ఇమ్మన్నాను. దుకాణం ఆవిడ అంతకుముందు నన్ను రెండు భాషల్లో పలకరించి, నేను దేన్ని అందుకుంటానో చూసి, ఇంగ్లిషులోకి దిగింది. ఆ పేరుతో వాఫిల్ లేదంది. బ్రసెల్స్‌దా, లియేజ్‌దా అని అడిగింది. బ్రసెల్స్‌ది దీర్ఘచతురస్రంగా, తేలిగ్గా, లోతు గళ్లతో, పైన చక్కెర పొడితో ఉంటుంది. లియేజ్‌ది వంకర అంచులతో, బరువుగా, పిండిలోనే పలుకుల చక్కెర కలిపి కాల్చింది. ఆ చక్కెర కరిగి పైన పాకంలా పట్టుకుంటుంది. వెనక వరసలో పది మంది ఉన్నారు. అయినా తనకు తోచింది నా చేతిలో పెట్టెయ్యకుండా, రెండూ చూపించి అడిగింది. లియేజ్‌ది తీసుకున్నాను, ఎవరైనా అదే తీసుకోవాలని నా అభిప్రాయం.

ఫిబ్రవరి మొదట్లో అటు వెళ్లేవాళ్లు 139వ మార్గంలో పగటిపూట ప్రయాణం చెయ్యండి, అయిదున్నరకే పొద్దు గుంకుతుంది. ఇక బిల్డ్ పని చేసే మిత్రులకు ఒక మాట. మీరింకా మేక్ వాడుతుంటే తప్పు లేదు. మీ లాగ్‌లో 'ఓవర్‌రైడింగ్ రెసిపీ' అన్న మాట వెతికి, కనిపించిన వెంటనే బిల్డ్ ఆగిపోయేలా సీఐలో ఒక గ్రెప్ లైను పెట్టండి. అయిదు నిమిషాల పని, ఇవాళే చెయ్యండి.